నిమ్మకాయ పట్టే సీసా

ఆమె పోయిన సంగతి నాకు పదకొండు రోజులు ఆలస్యంగా తెలిసింది. ఈ ఏడాది మే పద్నాలుగున కర్మన్‌ఘాట్ గుడి బయట చెప్పులు వేసుకుంటుంటే ఆమె మరదలు నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చింది.

“టీచరమ్మా, మా ఆడబిడ్డ పోయింది. మూడో తారీఖు. మీకు చెప్పుదామంటే నంబరు దొరకలే. నిన్ననే పదకొండో దినం చేసినం.”

“ఎలా పోయింది?”

“అన్నం తిన్నది, జర నడుము వాలుస్త అన్నది. లేవలే. ఎనభై అయిదు నిండినయి కద.”

“ఎనభై ఆరు. నాకన్నా సరిగ్గా ఆరేళ్లు పెద్ద,” అన్నాను.

ఆ సమయంలో అనవలసిన మాట కాదు. కానీ కంగారు పడితే నా నోటికి ముందు అంకెలే వస్తాయి. ఒక చెప్పు కాలికీ రెండోది చేతిలోనూ ఉంది. ఇంటికి వచ్చి, బీరువా పై అరలోంచి 1986 డైరీ తీశాను.

ఆమె పేరు రాయను. తన పేరు ఎక్కడైనా కనిపిస్తే ఆమెకు ఇబ్బందిగా ఉండేది. కాలనీలో అందరూ ల్యాబ్ అక్క అనేవారు. పెద్ద దవాఖానలో కండ పరీక్షలు చేసే విభాగంలో టెక్నీషియన్. ఆపరేషన్లో తీసిన ముక్కల్ని మైనంలో పెట్టి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, రంగు వేసి, గాజుపలక మీద పరిచేది ఆమే. ఆ రంగు వల్ల ఆమె గోళ్ల అంచులు ఎప్పుడూ గులాబీగా ఉండేవి. మొదటిసారి చూసి గోరింటాకు అనుకున్నాను. అన్ని గోళ్లకూ ఒకేలా పండలేదేమిటా అని కూడా అనుకున్నాను.

మేము మన్సూరాబాద్ వైపు ఇల్లు కట్టుకున్నది 1983లో. కాలనీ ప్లానులో నలభై ఒక్క ప్లాట్లు, అందులో లేచిన ఇళ్లు తొమ్మిది. ప్రతి జనవరి ఒకటిన మేడెక్కి ఇళ్లు లెక్కపెట్టి డైరీలో రాసుకునేదాన్ని. 1986కి ఇరవై ఏడు. మా ఆయనకు అప్పుడు సాగర్‌లో ఉద్యోగం, నెలకు రెండుసార్లు వచ్చేవారు. ఇంట్లో ఉండేది నేనూ, మా చెల్లెలూ. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. చెల్లెలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు టైపు నేర్పేది. మాది కోస్తా. ల్యాబ్ అక్కది ఈ ఊరే. కర్మన్‌ఘాట్ దగ్గర వాళ్ల పొలాలు ప్లాట్లయిపోయాయి. తమ్ముళ్లు జీపులు కొన్నారు. ఆమె మాత్రం పొద్దున్నే ఏడూ ఇరవైకి బస్సు ఎక్కేది.

ఆమెను తలచుకుంటే నాకు ముందు కనిపించేది ముఖం కాదు, మూడు వేళ్లు. కుడిచేతి చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు. దేన్ని చూసినా ఆ మూడు వేళ్ల మెత్తటి భాగంతో నొక్కి, కళ్లు మూసుకునేది. తోపుడుబండి మీద టమాటాలను అలాగే నొక్కేది. బండివాడికి ఒళ్లు మండేది.

“నొక్కుడే గాని కొనుడు లేదాయె. పిల్లను చూడొచ్చినవా అక్కా?”

“కొనెటందుకే నొక్కుతున్న. నీ టమాట రంగుకు ఎవరైన మోసపోతరు. నా వేళ్లు పోవు.”

“అయితె వేళ్లకే అమ్ముత, నువ్వు పక్కకు జరుగు.”

ఆమె నవ్వేది కాదు. ఇంకో టమాటా నొక్కేది.

కాలనీలో ఎక్కడ పునాది తవ్వినా దవాఖాన నుంచి వచ్చేటప్పుడు ఆ గోతిలోకి దిగేది. భుజాన సంచీ, చేతిలో టిఫిన్ డబ్బా అలాగే ఉండేవి. ఒక మట్టిపెళ్ల తీసి నలిపేది. మా ఎదురింటి కాంట్రాక్టరు గారు మా జిల్లా మనిషే. ఆయనకిది వింతగా ఉండేది.

“ఏవండీ, ఇనుము చూడండి, సిమెంటు చూడండి. మట్టిని చూస్తారేంటండీ?”

“ఇనుము మీది. మట్టి మాది. దాని సంగతి నాకు ఎరుక. ఈ మూలకు చెరువు మట్టి ఉన్నది, ఇంక లోతుకు పోండ్రి.”

ఆయన పోలేదు. రెండో వానాకాలానికి ఆ మూల గోడ కిటికీ దగ్గర నుంచి కిందికి ఏటవాలుగా పగిలింది. ఆయన మేస్త్రీని పిలిచి వాకిట్లో నిలబెట్టి తిడుతుంటే ల్యాబ్ అక్క వెళ్లి పగులు వెంట మూడు వేళ్లూ నడిపింది. నేను చెప్పలేదా అని అనలేదు. “గోడను తిట్టకుండ్రి. గోడ మంచిగనే ఉన్నది. దాని కింద ఏమున్నదో, పక్కపొంటి ఏమున్నదో ఎవరూ అడగలే,” అంది.

ఒక ఆదివారం సాయంత్రం మా మేడ మీద వడియాలు తీస్తున్నాం. ఆమె చేతిలో వడియం పట్టుకుని దూరంగా చూస్తోంది.

“ఇండ్లు అన్ని దిక్కుల ఒక్కతీరుగ పోతలేవు, చూసిన్రా టీచరమ్మా? గా గుట్ట కాడ ఆగినయి. సాగర్ రోడ్డు దిక్కు మాత్రం తుర్కయంజాల్ దాక ఉరుకుతున్నయి.”

“రోడ్డుంది కాబట్టి వెళ్తున్నాయి.”

“మా ల్యాబుల గూడ గంతే. చెడ్డ గడ్డ గుండ్రంగ, ఒక్కతీరుగ పెరగదు. చుట్టూత ఏమున్నదో దాన్నిబట్టి పోతది. గట్టి పొర అడ్డమొస్తె దాని పక్కకు పండుకుంటది. కండల సందు దొరికితె ఆ సందుల పడి పోతది. కొత్త డాక్టర్లు గడ్డనే చూస్తరు. నేను ముందుగాల దాని చుట్టుపక్కల చూస్త.”

ఈ మాటల్ని నేను శ్రద్ధగా వినలేదు. వడియాలు లెక్కపెడుతున్నాను. ఆ రోజు మూడు వందల పద్దెనిమిది. అది మాత్రం డైరీలో ఉంది.

మా చెల్లెలి కుడి జబ్బలో తేడా ఉందని ముందు పట్టుకున్నది టైలరు. మే నెలలో జాకెట్టు కొలతలకు వెళ్తే కుడి చేతికి అరంగుళం ఎక్కువ వచ్చింది. “రోజంతా టైపు కొడతాను కదక్కా, కండ పట్టింది,” అని నవ్వింది. అప్పుడు దానికి ముప్పై ఒక్కేళ్లు. నేను ఇంట్లో టేపు పెట్టి కొలిచాను. జూన్ ఒకటికి అరంగుళం, పదిహేనుకు ముప్పావు, నెలాఖరుకు అంగుళం. నాకు నిద్ర పట్టడం మానేసింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక నర్సింగ్ హోమ్‌కు తీసుకెళ్లాను. సర్జన్ మంచివాడు, ఓపికమంతుడు. చాలాసేపు పట్టి చూశాడు.

“కొవ్వు గడ్డే అయ్యుండొచ్చమ్మా. కానీ కొంచెం గట్టిగా ఉంది. నిమ్మకాయంత ఉంటుంది. తీసి పరీక్షకు పంపుదాం. శుక్రవారం రండి. ఒక సీసా శుభ్రంగా కడిగి తెచ్చుకోండి.”

ఆ రోజుల్లో అదే పద్ధతి. తీసిన ముక్కను సీసాలో మందునీళ్లు పోసి మన చేతికే ఇచ్చేవారు. పెద్ద దవాఖాన ల్యాబుకు మోసుకెళ్లి ఇవ్వవలసింది ఇంటివాళ్లే. సీసా కూడా ఇంటివాళ్లదే.

గురువారం సాయంత్రం నేను ఒక జామ్ సీసా తీశాను. రెండుసార్లు మరిగించాను. లేబుల్ గీకి తీసేశాను. డాక్టరు నిమ్మకాయంత అన్నాడు కాబట్టి మధ్యరకం నిమ్మకాయ ఒకటి తెచ్చి సీసా మూతిలోంచి వేసి చూశాను. సరిగ్గా పట్టింది. అటూ ఇటూ చీమ దూరే చోటు లేదు. నాకెంతో తృప్తిగా అనిపించింది. ఇంత సరిపోయిన సీసా ఇంకెవరూ తెచ్చి ఉండరనుకున్నాను.

1986 జూలై 11, శుక్రవారం. పదీ ఇరవైకి చెల్లెల్ని లోపలికి తీసుకెళ్లారు. పదకొండూ పదికి ఆయా నా సీసా తెచ్చి చేతిలో పెట్టింది. లోపల గడ్డ నున్నగా, గుండ్రంగా, తెల్లగా ఉంది. “మంచిగ సాపు చేసి పెట్టిన అమ్మా,” అంది. చెల్లెలికి ఇంకా మెలకువ రాలేదు. సీసాను గుడ్డలో చుట్టుకుని బస్సెక్కాను.

ల్యాబ్ అక్క నన్ను చూసి కుర్చీ వేసింది. సీసా అందుకుని వెలుతురుకు ఎత్తిపట్టింది. ఒకసారి తిప్పింది. మూత తీసి చూసింది. ఆమె ముఖంలో ఏమీ మారలేదు, కానీ గొంతు చిన్నదైంది.

“టీచరమ్మా, దీని చుట్టుపక్కల ఏది?”

“చుట్టుపక్కల అంటే?”

“డాక్టరు గడ్డను ఒక్కదాన్నే తియ్యడు. దాని చుట్టూత ఉన్నది గూడ కొంత కలిపి తీస్తడు. గది యాడ ఉన్నది? ఇది ఎవరో కత్తిరించిన్రు. కత్తెర గాట్లు ఉన్నయి చూడుండ్రి.”

నాకు ఇంకా అర్థం కాలేదు. ఆమె ఓపికగా చెప్పింది. గడ్డ మంచిదైతే బాధ లేదు. చెడ్డదైతే అది చుట్టూ ఉన్న పొర దాటిందా లేదా అని చూడాలి. దాటకపోతే చెయ్యి నిలబడుతుంది. దాటిందో లేదో తేల్చలేకపోతే ఏ డాక్టరూ ధైర్యం చెయ్యడు, భుజం దగ్గరికి చెయ్యి తీసేయమంటాడు.

“కుడి చెయ్యి,” అన్నాను. “అది టైపు చెప్పుకుని బతుకుతుంది.”

“లేవుండ్రి. నర్సింగ్ హోముల చెత్త ఎన్ని గంటలకు తీస్తరు?”

“నాకు తెలియదు,” అన్నాను. అంతకు ముందు, ఆ తర్వాత కూడా, ఆ మాట అంత సిగ్గుతో అన్నది లేదు. ఆమె పక్క గదిలోకి వెళ్లి పెద్ద డాక్టరుతో రెండు ముక్కలు మాట్లాడి, నా సీసాతో పాటు ఇంకో వెడల్పు సీసా సంచీలో వేసుకుని వచ్చింది. ఆటో ఎక్కినప్పుడు పన్నెండూ అయిదు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను. ఆమె బయటికి చూస్తూ, “గడియారం చూస్తె ఆటో ఉరుకుతదా?” అంది.

పన్నెండూ నలభైకి నర్సింగ్ హోమ్ వెనక వరండాలో ఆయా అన్నం తింటోంది. మమ్మల్ని చూసి ముద్ద వదిలేసి లేచింది.

“గా సీసల పట్టకపాయె. చుట్టూత కొవ్వు, కండ, ఇంకేందో పొర వేలాడుతుండె. సీస మూతి చిన్నగుండె. కత్తిరించి పెట్టిన. తప్పా అమ్మా?” అని, నావైపు తిరిగి, “గా సీస మీరే కద ఇచ్చిన్రు?”

నేనే ఇచ్చాను. నిమ్మకాయ పెట్టి చూసి మరీ ఇచ్చాను.

“నిన్ను ఎవరూ ఏమంటలేరు,” అంది ల్యాబ్ అక్క. “కత్తిరించినయి ఏం చేసినవో గది చెప్పు.”

“బకీట్ల ఏసిన. బండి రెండు గంటలకు వస్తది.”

బకెట్ ఇంకా అక్కడే ఉంది. ఆ ఉదయం నాలుగు ఆపరేషన్లు జరిగాయట. దూది, గాజుగుడ్డ, రక్తం. ల్యాబ్ అక్క కొంగు బిగించి, ఎనామిల్ పళ్లెం అడిగి, నేల మీద కూర్చుంది. ఒక్కొక్క గుడ్డ విప్పి చూసింది. నేను పక్కనే నిలబడ్డాను. ముందొక ముక్క దొరికింది, దానికి నల్లదారం ముడి ఉంది. ఆమె కళ్లు మెరిశాయి.

“డాక్టరు తెలివైనోడు. భుజం దిక్కు దారం కట్టిండు.”

తరువాత చర్మం వైపుది దొరికింది. తరువాత అన్నిటికన్నా పెద్దది, అడుగుది, దాని మీద తెల్లటి పొర మెరుస్తోంది. ఆమె నా చెయ్యి పట్టి చాపి, “ఇది చెల్లె చెయ్యి అనుకో. నువ్వు కత్తిరించిన తీరు చూపియ్యి,” అంది ఆయాతో. ఆయా వేలితో నా జబ్బ మీద చూపించింది. ఇది పైకి, ఇది లోపలికి, ఇది ఇటు. ల్యాబ్ అక్క గడ్డ చుట్టూ ముక్కల్ని బత్తాయి మీద తొక్క తిరిగి అమర్చినట్టు అమర్చింది. మూడు దిక్కులు కలిశాయి. మోచెయ్యి దిక్కు ఖాళీగా ఉంది.

“గా దిక్కు ముక్క చిన్నగుండె,” అంది ఆయా. “కత్తెరకు అంటుకుంటె నల్లా ఇప్పి నీళ్ల కింద కడిగేసిన.”

ల్యాబ్ అక్క ఇంకో పావుగంట బకెట్ వెతికింది. మురుగు పోయే మోరీ జాలీ ఎత్తి చూసింది. లేదు.

చెల్లెలికి మెలకువ వచ్చి నన్ను అడుగుతోందని నర్సు చెప్పింది. లోపలికి వెళ్తే, “ఎక్కడికెళ్లావక్కా ఇంతసేపు?” అంది.

“బస్సు రాలేదు,” అన్నాను.

తొమ్మిది రోజులు గడిచాయి. ఆ తొమ్మిది రోజుల డైరీలో బడి టైమ్‌టేబుల్ తప్ప ఏమీ లేదు. తొమ్మిదో తరగతికి చదరాలు, వృత్తాలు చెబుతూ బోర్డు మీద వృత్తం గీసి, దాని చుట్టూ ఇంకో వృత్తం గీసి, ఎందుకు గీశానో మరిచిపోయి నిలబడిపోయాను.

ఇరవయ్యో తేదీ ఆదివారం ఆమె వచ్చింది. చెల్లెలు స్నానానికి వెళ్లేదాకా వంటింట్లో నా చపాతీ పిండిని నొక్కుతూ కూర్చుంది.

“చెడ్డదే, టీచరమ్మా,” అంది. “మూడు దిక్కుల పొర దాటలే. నాలుగో దిక్కు నా దగ్గర లేదు.”

“మూడు వైపులా లేకపోతే నాలుగో వైపు కూడా లేనట్టే కదా?”

“మీరు లెక్కల టీచరు. గట్లనొచ్చునా?”

అనకూడదు. అది నాకు బాగా తెలుసు. అయినా అనాలని ఎంత కోరిక పుట్టిందో ఎవరికీ చెప్పలేను. అలాగే రాయమని ఆమెను బతిమాలాను కూడా. “నాలుగు వైపులా బాగుందని రాయించండి, మీ మాట పెద్ద డాక్టరు వింటారు” అన్నాను. ఆమె పిండి వదిలి చేతులు కడుక్కుంది.

“నాకు తెల్వనిది తెల్వదనే రాయాలె. తెలిసినట్టు రాస్తె గది బిడ్డ మీదికి పోతది.”

మర్నాడు నన్ను ల్యాబుకు రమ్మని మైక్రోస్కోపులో చూపించింది. మొదట నాకు గులాబీ రంగు మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు. తరువాత ముదురు చుక్కలు కనిపించాయి, వందలు. ఒకచోట అవి అలలా ఉన్న ఒక పట్టీ దాకా వచ్చి, గేటు వేసిన ఇంటి ముందు జనంలా గుమిగూడి ఆగిపోయాయి. నా పెదవులు కదలడం ఆమె గమనించింది.

“లెక్కపెట్టకుండ్రి. ఎన్ని ఉన్నయో గది కాదు. ఎక్కడ ఆగినయో చూడుండ్రి.”

కాగితం మీద గడ్డ బొమ్మ వేసి, మూడు దిక్కులా గీత గీసి, నాలుగో దిక్కున ఖాళీ వదిలి, పెద్ద డాక్టరు చేత సంతకం పెట్టించింది. కింద కారణం రాసే చోట ‘పాత్ర మూతి చిన్నది’ అని ఉంది.

“నా పేరు రాశారా?”

“సీసకు పేరుంటదా టీచరమ్మా?”

సర్జన్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఇది లేకపోతే చెయ్యి తీసేద్దామనే చెప్పేవాణ్ణి అన్నాడు. ఒక్క దిక్కే సందేహం కాబట్టి ఆ దిక్కు తెరిచి ఇంకాస్త లోపలి దాకా తీద్దామన్నాడు. జూలై 30, బుధవారం. ఈసారి నేను ఊరగాయ జాడీ తీసుకెళ్లాను. గుమ్మడికాయ పడుతుంది. ఆయా దాన్ని చూసి నవ్వలేక తల దించుకుంది.

ఆ ముక్కలో ఒకచోట, కండ పోగుల సందులో, బియ్యపుగింజలో సగమంత దూరం ఆ చుక్కలు వరసగా నడిచి వెళ్లాయట. ఆ తరువాత ఏమీ లేదు. ల్యాబ్ అక్క ఈ సంగతి మా గేటు దగ్గర చెప్పింది, లోపలికి రాకుండానే.

“మెత్తటి దిక్కు చూసుకుని అటే పోయింది, చూడుండ్రి. మనకాడ లేని దిక్కే.”

నేను కోరినట్టు నాలుగు వైపులా బాగుందని రాసి ఉంటే! ఆమె ఆ మాట అనలేదు. నేనూ అనలేదు.

ఆ ఆగస్టు నుంచి అయిదేళ్లు, ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వచ్చేది. అరవై నెలల్లో యాభై ఏడుసార్లు వచ్చింది. రాని మూడింటిలో ఒకసారి తమ్ముడి కొడుకు పెళ్లి, రెండుసార్లు కర్ఫ్యూ. చెల్లెల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, మూడు వేళ్లతో నొక్కుతూ కళ్లు మూసుకునేది. ఎక్స్‌రేలు, పరీక్షలు డాక్టర్లు చేసేవారు. ఇది వాటి పైన. ఆ సమయంలో ఎవరూ మాట్లాడకూడదు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి లోలోపల అంకెలు లెక్కపెట్టేదాన్ని. ఎప్పుడూ నలభై దగ్గర కళ్లు తెరిచి, “టీ పెట్టుండ్రి” అనేది. ఆ రెండు మాటల కోసమే నెలంతా బతికేదాన్ని.

1988 ఫిబ్రవరి ఏడు. నలభై దాటింది. అరవై. ఎనభై. మోచేతికి పైన మచ్చ దగ్గర వేళ్లు వెళ్లి వెళ్లి మళ్లీ అక్కడికే వస్తున్నాయి. చెల్లెలు నన్ను చూసింది. నేను స్టవ్వు వైపు తిరిగాను. నూటపది దగ్గర ఆమె కళ్లు తెరిచింది.

“ఏంటక్కగారూ?” అంది చెల్లెలు.

“ఇక్కడ గట్టిగున్నది. ఏందో నాకు తెల్వది. రేపు నాతోని రా బిడ్డా.”

టీ అడగలేదు. పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆ ఆరు రోజులూ చెల్లెలు ఎడమచేత్తో అన్నం తిని చూసింది, నేను చూడటం లేదనుకుని. ఇంట్లో ఉన్న పాత టైపు మిషను మీద ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరం కొట్టి చూసింది. చాటుగా నిలబడి ఆ టకటకలు విన్నాను. శనివారం సాయంత్రం ల్యాబ్ అక్క బస్సు దిగి మా వీధిలోకి నడిచి వస్తోంది. సంచీ, టిఫిన్ డబ్బా, అదే నడక. ముఖం చూసి చెప్పలేకపోయాను. గేటు తీసి లోపలికి వచ్చి, చెప్పులు విడిచి, చెల్లెలి ఎదురుగా కూర్చుని అంది.

“కుట్టిన కాడ మచ్చ గట్టిపడ్డది. గంతే. సూది పెట్టి చూసిన్రు, ఏం లేదు. కాని గట్టిపడ్డ కాడ గూడ చూస్తనే ఉండాలె, మర్చిపోవద్దు.” తరువాత నావైపు తిరిగి, “టీ పెట్టుండ్రి.”

పాలు పొంగి స్టవ్వంతా పారింది. జీవితంలో నేను పాలు పొంగించింది ఆ ఒక్కసారే.

1997లో రిటైరయి తుర్కయంజాల్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. కొన్నేళ్లు పండగలకు కలిశాం. తరువాత ఫోన్లు మారాయి. ఇళ్లు గుట్టను కూడా ఎక్కేశాయి. మేడ మీద నుంచి లెక్కపెట్టడం నేనెప్పుడో మానేశాను.

చెల్లెలికి ఇప్పుడు డెబ్బై. మా ఆయన పోయాక మేమిద్దరమే. ఆ రోజు గుడి నుంచి వచ్చి నేను డైరీ ముందేసుకుని కూర్చుంటే పక్కన చేరింది. ల్యాబ్ అక్క పోయిందని చెప్పాను. కాసేపు తన జబ్బ తనే తడుముకుంది.

“అయిదేళ్లు ఎందుకొచ్చిందక్కా ఆవిడ? మనకేమైనా చుట్టమా?”

అప్పుడు చెప్పాను. సీసా, నిమ్మకాయ, ఆయా కత్తెర, బకెట్, నల్లా కింద పోయిన నాలుగో ముక్క. బస్సు రాలేదన్న అబద్ధం. నాలుగు వైపులా బాగుందని రాయమని బతిమాలిన సంగతి కూడా. ముప్పై తొమ్మిదేళ్ల తరువాత. చెబుతున్నంతసేపూ దాని ముఖం చూడలేదు. డైరీలో జూలై 11 పేజీనే చూశాను. ‘సీసా. మూతి సరిపోయింది’ అని నా చేతిరాత.

అది డైరీని తనవైపు లాక్కుని ఆ లైను చదివింది.

“ఆ నిమ్మకాయ ఏం చేశావ్?”

“శనివారం పులిహోర కలిపాను.”

“నేను తిన్నానా?”

“రెండుసార్లు పెట్టించుకున్నావు.”

నవ్వింది. నవ్వు ఆగక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తరువాత అది నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. కళ్లు తుడుచుకుని కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుంది. కుడిచెయ్యి చాపి నా ఒళ్లో పెట్టింది.

“నొక్కు.”

“నాకు చేతకాదే. ఏది మచ్చో, ఏది ఏమిటో నాకేం తెలుసు?”

“తెలియకపోతే తెలియదని చెప్పు. ముందు కళ్లు మూసుకో.”

మూడు వేళ్లూ ఆనించి కళ్లు మూసుకున్నాను. చర్మం పల్చబడింది. దాని కింద మెత్తగా, ఇంకా కింద మోచేతి వైపు ఒక గట్టి గీత. అలవాటు కొద్దీ ఒకటి, రెండు అని మొదలుపెట్టాను. పద్నాలుగు దగ్గర అంకె తప్పింది. మళ్లీ మొదటికి పోలేదు. అది మెల్లగా ఊపిరి తీసుకోవడం నా వేళ్లకు తెలుస్తోంది.